యాంటెన్నా నుండి గాజుపోగు వరకు
గోదావరి డెల్టాలో ఇంటి తీగ చరిత్ర

గోదావరి డెల్టాలో ముప్పది, నలుబది ఏండ్ల క్రిందట కట్టిన ఏ డాబా పైకి ఎక్కి చూచినను ఒక చిన్న చరిత్ర కనబడును. పిట్టగోడకు కట్టిన తుప్పుపట్టిన ఇనుప గొట్టము ఒకటి. దాని కొనను వంగిపోయిన అల్యూమినియం కడ్డీలు. ఆ ప్రక్కనే గోడకు బిగించిన ఒకటి రెండు డిష్షులు; వానిలో ఒకదానికి తీగయే ఉండదు. వీధి స్తంభము నుండి వచ్చి నడుమ తెగి వ్రేలాడు లావుపాటి నల్లని కేబులు. దాని ప్రక్కగా, ఇంకను క్రొత్తదనము పోక, కిటికీ రంధ్రము గుండా లోనికి పోవు సన్నని తీగ. భూగర్భ శాస్త్రజ్ఞుడు మట్టి పొరలను చూచి కాలమును చెప్పునట్లు, ఈ తీగల పొరలను చూచి ఆ ఇంటివారు టెలివిజన్, ఇంటర్నెట్ సంస్థలను ఎన్నిమార్లు మార్చినారో చెప్పవచ్చును.

ఇక్కడ ఒక ప్రశ్న పుట్టును. బల్బు ఏ కంపెనీదైనను హోల్డరులో ఇమిడిపోవును. మరి టెలివిజన్ లేక ఇంటర్నెట్ సంస్థను మార్చినప్పుడు పాత పెట్టె ఎందుకు పనికిరాకుండా పోవుచున్నది? దీనికి జవాబు విజ్ఞానశాస్త్రములో కొంత, మనుష్యులు చేసికొన్న కట్టుబాట్లలో కొంత ఉన్నది. రెండింటిని వేరుపరచి చూడవలెనన్న ఈ తీగ చరిత్రను మొదటి నుండి తెలిసికొనుట మేలు.

గాలి అందరిదైన కాలము

మన దేశములో టెలివిజన్ ప్రసారములు 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో మొదలైనవి. తెలుగు పల్లెలకు అవి మొదట ఆకాశము నుండి వచ్చినవి. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు అమెరికా వారి ఏ.టి.యస్.-6 అను ఉపగ్రహము సహాయముతో ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు ప్రయోగాత్మకముగా కార్యక్రమములు అందించినారు. అందులో ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉన్నవి. 1977లో హైదరాబాదు కేంద్రము వెలసినది. 1982లో రంగుల ప్రసారములు వచ్చిన పిమ్మట, ఆ దశకములోనే చిన్న పట్టణములలో అల్పశక్తి ప్రసారిణులు నెలకొల్పబడినవి. వాని శక్తి సాధారణముగా 100 వాట్లు. అవి ఇరువది, ఇరువదియైదు కిలోమీటర్ల మేరకు మాత్రమే చక్కగా అందును.

డెల్టా నేల బల్లపరుపుగా ఉండును. తరంగమునకు అడ్డువచ్చు కొండలు లేవు గాని కొబ్బరితోటలు ఉన్నవి. అందువలన కోనసీమలో బొమ్మ చక్కగా రావలెనన్న గొట్టమును కొబ్బరి తలల పైకి లేపవలసి వచ్చెడిది. ఆ గొట్టముపై నిలిచిన కడ్డీల అమరికను జపాను దేశీయులైన ఉడా, యాగీ అను శాస్త్రజ్ఞులు 1926లో రూపొందించినారు. సెకనుకు 20 కోట్ల కంపనములు గల తరంగము యొక్క పొడవు ఒకటిన్నర మీటరు. అందులో సగము, అనగా సుమారు 75 సెంటీమీటర్ల పొడవు గల కడ్డీ ఆ తరంగమును బాగుగా పట్టుకొనును. వెనుకనున్న కడ్డీ తరంగమును ముందుకు పరావర్తనము చేయును. ముందున్న పొట్టి కడ్డీలు దానిని కేంద్రీకరించును. గాలికి గొట్టము తిరిగినచో బొమ్మ పోవుటకు కారణము ఇదియే.

ఆ కాలములో ఎన్నుకొనుటకు వేరొక ప్రసార సంస్థ లేదు. అయినను పరికరముల విషయములో సంపూర్ణమైన స్వేచ్ఛ ఉండెడిది. బొమ్మలో 625 గీతలు, సెకనుకు 25 చిత్రములు అను ప్రమాణము బహిరంగము. ఏ కంపెనీ టెలివిజన్ అయినను, ఏ అంగడిలో కొన్న యాంటెన్నా అయినను సరిపోయెడిది. గొట్టము, కడ్డీలు, తీగ, పెట్టె అన్నియు ఇంటివారి సొంతము.

వీధికొక తీగ

1991లో గల్ఫ్ యుద్ధ కాలమున ఉపగ్రహ ప్రసారములకు మన దేశములో గిరాకీ పెరిగినది. అదే సంవత్సరమున స్టార్, 1992లో జీ ప్రసారములు మొదలైనవి. 1995లో తెలుగున జెమిని, అదే ఏడు ఆగస్టు 27న ఈటీవీ ప్రారంభమైనవి. ఈ తరంగములు సెకనుకు సుమారు 400 కోట్ల కంపనములు గలవి. భూమిని చేరునప్పటికి మిక్కిలి బలహీనముగా ఉండును. వానిని పట్టుటకు ఎనిమిది నుండి పండ్రెండు అడుగుల వ్యాసము గల డిష్షు కావలెను. ప్రతి ఇంటివారును అంతటి దానిని పెట్టలేరు. కావున వీధికొకరు, పేటకొకరు పెద్ద డిష్షును పెట్టి, వచ్చిన ఛానళ్ళను ఒక్కొక్కదానిని ఒక్కొక్క పౌనఃపున్యముపై ఎక్కించి, కేబులు ద్వారా ఇండ్లకు పంపినారు. కేబుల్ ఆపరేటరు అను వృత్తి ఆ విధముగా పుట్టినది. 1995లో దీనికొక చట్టము వచ్చినది.

కేబులు నడుమ రాగి తీగ, దాని చుట్టు నురుగు వంటి ప్లాస్టిక్కు, దానిపై అల్లిక, ఆపైన నల్లని తొడుగు ఉండును. తరంగము రాగితీగకును అల్లికకును నడుమ ప్రయాణించును. దూరము పెరిగిన కొలది అది క్షీణించును. అందుకని దారిలో అక్కడక్కడ వర్ధకములు అమర్చవలెను. వర్ధకము బొమ్మతో పాటు రొదను కూడ పెంచును. అందుచేతనే వీధి చివరి ఇంటివారికి బొమ్మపై చుక్కలు ఎక్కువగా కనబడెడివి.

ఈ దశలో స్వేచ్ఛ తారుమారైనది. చూచుటకు ఛానళ్ళు పెరిగినవి. కాని వీధిలో ఉన్న తీగ ఒక్కటే. ఒకే వీధిలో రెండు సంస్థలు రెండు తీగలు లాగినచో ఇద్దరికిని ఖర్చు రెట్టింపు, రాబడి సగము. కావున ఎక్కువ చోట్ల ఆపరేటరును మార్చుట అను మాటయే లేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమపై విరుచుకుపడిన తుపానులో వేయిమందికి పైగా మరణించినారు; లెక్కకు మిక్కిలిగా కొబ్బరిచెట్లు కూలినవి. స్తంభములు పడినచోట వాని మీది తీగలును పడినవి. గాలిలో వ్రేలాడు తీగకు ఈ తీరములో ఉన్న ప్రమాదము నాటి నుండి నేటి వరకు తీరలేదు.

గిన్నెలోని తాళము

2003లో డిష్ టీవీ, 2004 డిసెంబరు 16న దూరదర్శన్ వారి డీడీ డైరెక్ట్ ప్లస్, 2006లో టాటా స్కై మొదలైనవి. ఇవి సెకనుకు 1,100 కోట్లు, అంతకు మించిన కంపనములు గల కె.యు. పట్టీ తరంగములను వాడినవి. తరంగము పొడవు రెండున్నర సెంటీమీటర్లే గనుక రెండడుగుల గిన్నె చాలును. ఉపగ్రహము భూమధ్యరేఖపై 35,786 కిలోమీటర్ల ఎత్తున, భూమితో పాటు తిరుగుచుండును. 2005 డిసెంబరులో ఎగిరిన ఇన్సాట్-4ఏ అటువంటిదే. దానిని 83 డిగ్రీల తూర్పు రేఖాంశము వద్ద నిలిపినారు. రాజమహేంద్రవరము నుండి లెక్కించినచో అది సరిగా దక్షిణమునకు నాలుగు డిగ్రీలు తూర్పుగా, క్షితిజమునకు 70 డిగ్రీల ఎత్తున ఉండును. అనగా దాదాపు నడినెత్తిన ఉన్నట్లే. ఇది మంచిదే. తరంగము వాలుగా వచ్చినచో కొబ్బరి మట్టలలో చిక్కుకొనును. పైనుండి దిగినచో ఆ బాధ తక్కువ. అయితే పొట్టి తరంగమును వాన చినుకులు హరించును. అల్పపీడనము పట్టి జోరువాన కురియునప్పుడు, వాతావరణ వార్త కావలసిన గడియలోనే, బొమ్మ ఆగిపోవుట డెల్టావాసులు ఎరిగినదే.

ఇంటివారికి మొదటిసారిగా సంస్థను ఎన్నుకొను అవకాశము డిష్షుతోనే వచ్చినది. కాని ఒక చిక్కు కూడ వచ్చినది. డిష్షు లోహపు గిన్నె మాత్రమే. అది ఏ సంస్థ తరంగమునైనను పరావర్తనము చేయును. దాని ముందున్న చిన్న పరికరము తరంగము యొక్క పౌనఃపున్యమును తగ్గించి తీగలోనికి పంపును. అదియు చాలవరకు అందరికి ఒక్కటే. సంకేత ప్రమాణములును ప్రపంచమంతట ప్రకటితమైనవే. తేడా ఉన్నది తాళములో. చందా కట్టినవారు మాత్రమే చూడవలెనని సంస్థ తన సంకేతములను ఒక రహస్య సంఖ్యతో కలగాపులగము చేయును. ఆ సంఖ్య కొన్ని సెకన్లకొకమారు మారుచుండును. సెట్ టాప్ బాక్సులోని కార్డు దానిని విప్పును. ఒకరి కార్డు మరియొకరి పెట్టెలో పనిచేయదు. కావున సంస్థను మార్చినవారు ఉపగ్రహమునకు గిన్నెను త్రిప్పుటతో సరిపెట్టుకొనలేక పెట్టెనే మార్చవలసి వచ్చినది.

డీటీహెచ్ లైసెన్సులో పెట్టెలు పరస్పరము పనికివచ్చునట్లు ఉండవలెనన్న నిబంధన ఉన్నది. అందుకై పెట్టెలో ఒక చీలిక వంటి సందు పెట్టి, క్రొత్త సంస్థ వారి తాళపు ముక్కను అందులో దూర్చవచ్చునని భావించినారు. ఆ ముక్క ధర క్రొత్త పెట్టె ధరకు దగ్గరగా ఉన్నందున ఆ మార్గము ఆచరణలోనికి రాలేదు. దీనికి భిన్నముగా దూరదర్శన్ ఉచిత ప్రసారములకు తాళము లేదు. అంగడిలో కొన్న ఏ పెట్టెయైనను సరిపోయినది. విజ్ఞానశాస్త్రము అడ్డుకాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

టెలిఫోను తీగపై ఇంటర్నెట్

ఇంతలో వేరొక తీగ ఇంటిలోనికి వచ్చినది. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశములో ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించినది. టెలిఫోను తీగపై శబ్దము వలె సంకేతములను పంపెడివారు; ఇంటర్నెట్ వాడినంతసేపు ఫోను పనిచేయదు. 2004లో ప్రభుత్వము సెకనుకు 256 కిలోబిట్లకు తగ్గని వేగమును బ్రాడ్‌బ్యాండ్ అని నిర్వచించినది. 2005 జనవరిలో భారత్ సంచార్ నిగమ్ ఆ సేవను మొదలుపెట్టినది. మనుష్యుని మాటకు సెకనుకు 3,400 కంపనముల లోపు చాలును. అదే రాగితీగలో అంతకు పైనున్న పౌనఃపున్యములను సమాచారమునకు వాడినచో ఫోను, ఇంటర్నెట్ ఒకేసారి నడచును. రెండింటిని వేరుచేయుటకు గోడమీద ఒక చిన్న డబ్బా పెట్టెడివారు.

ఎక్స్ఛేంజి నుండి దూరము పెరిగిన కొలది ఈ వేగము పడిపోవును. నాలుగైదు కిలోమీటర్లు దాటిన పిదప ఫలితము లేదు. పట్టణములో ఉన్నవారికి ఇది చాలినది. లంక గ్రామములకు చాలలేదు. తేమ, ఉప్పుగాలి రాగి అతుకులను తినివేయుట మరొక బాధ.

మోరి గ్రామము

తూర్పు గోదావరి జిల్లా సఖినేటిపల్లి మండలములో మోరి అను గ్రామము ఉన్నది. 2022 ఏప్రిలు 4 నుండి అది కోనసీమ జిల్లాలోనిది. నరసాపురము వద్ద పంటు ఎక్కి వశిష్ఠ గోదావరిని దాటి అటు పోవుట వాడుక. జీడిపప్పు పరిశ్రమకు ఆ ఊరు పేరుపొందినది. 2016 డిసెంబరు 29న నాటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ మొదటి దశను ఈ ఊరిలోనే ప్రారంభించినారు. నెలకు 149 రూపాయలకు సెకనుకు 15 మెగాబిట్ల ఇంటర్నెట్, టెలివిజన్ ఛానళ్ళు, టెలిఫోను ఒక్క తీగపై ఇచ్చుట నాటి పథకము. మరుసటి ఏడు డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఈ పథకమును జాతికి అంకితము చేసినారు.

ఇందులో గమనింపదగిన ఇంజనీరింగు నిర్ణయము ఒకటి ఉన్నది. భూమిని త్రవ్వి గాజుతీగను పూడ్చుటకు మారుగా విద్యుత్ స్తంభములపై వ్రేలాడదీసినారు. విద్యుత్ సబ్‌స్టేషన్లను కూడళ్ళుగా వాడినారు. మొదటి దశలో సుమారు 23,800 కిలోమీటర్ల తీగను సుమారు 333 కోట్ల రూపాయలతో లాగినారు. భూగర్భములో వేయుటకు అయ్యెడి ఖర్చులో ఇది స్వల్పభాగము. గాజులో విద్యుత్తు ప్రవహింపదు గనుక విద్యుత్ తీగల ప్రక్కన ఉన్నను సంకేతమునకు రొద అంటదు. పిడుగు పడినచో రాగి వలె దానిని ఇంటిలోనికి మోసికొని రాదు. ఉప్పుగాలికి తుప్పు పట్టదు. కాని తుపానులో స్తంభము కూలినచో దీపముతో పాటు ఇంటర్నెట్టును పోవును. చవకతనమునకు చెల్లించిన మూల్యము అది.

వెలుగు పంచుకొను విధము

గాజుపోగులో వెలుగు పోవుటకు మూలము సంపూర్ణాంతర పరావర్తనము. 1966లో చార్లెస్ కావ్ అను శాస్త్రజ్ఞుడు, గాజులోని మాలిన్యములను తొలగించినచో దానిలో వెలుగు చాల దూరము పోగలదని చూపినాడు. 1970లో కార్నింగ్ సంస్థవారు అట్టి పోగును తీసినారు. 2009లో కావ్‌కు నోబెల్ బహుమానము లభించినది. ఇంటికి వచ్చు పోగులో వెలుగు నడచు భాగము మిల్లీమీటరులో సుమారు నూరవ వంతు మాత్రమే.

డెల్టా పాఠకులకు ఈ ఏర్పాటు తెలియని దేమియు కాదు. 1852లో పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట నుండి ప్రధాన కాలువలు, వాని నుండి పిల్ల కాలువలు, వాని నుండి బోదెలు చీలినట్లే, సంస్థ కూడలి నుండి వచ్చిన ఒక్క గాజుపోగు దారిలో ఒక చిన్న డబ్బా వద్ద 32 లేక 64 పోగులుగా చీలును. ఆ డబ్బాకు కరెంటు అక్కరలేదు. 32 పాళ్ళుగా చీలిన వెలుగులో ఒక్కొక్క ఇంటికి 32వ వంతుకు కొంచెము తక్కువ వచ్చును. అయితే నీటికిని వెలుగునకును ఒక భేదము ఉన్నది. బోదెలో ఆ చేని నీరే వచ్చును. గాజులో మాత్రము 32 ఇండ్ల సమాచారమును ప్రతి ఇంటికిని వచ్చును. ఇంటిలోని పెట్టె తన పేరు గలదానిని మాత్రమే గ్రహించి తక్కినది విడిచివేయును. ఇంటి నుండి పైకి పంపునప్పుడు వంతు నీటి పద్ధతి నడచును. ఒక్కొక్క పెట్టెకు సెకనులో అతి స్వల్పభాగము వంతుగా ఇచ్చి, ఆ వంతులోనే వెలుగు పంపుమని కూడలి ఆజ్ఞాపించును.

ఇంటికి పోగును బిగించు పనివాడు దాని కొనను నిలువుగా కోసి, ఆకుపచ్చని తొడుగు గల కొక్కెమును అమర్చి, వెలుగును కొలిచి చూచును. మైనస్ 20 అని మీటరు చూపినచో ఒక వాటులో లక్షవ వంతు వెలుగు అందుచున్నదని అర్థము. అది చక్కగా చాలును. మైనస్ 27 దాటినచో పెట్టెకు చూపు ఆననట్లే. పోగును తలుపు సందున మడిచినచో వంపు వద్ద వెలుగు బయటికి పోవును. అప్పుడు పెట్టెపై ఎర్రదీపము వెలుగును. ఎర్రదీపము వెలిగినప్పుడు పెట్టెను ఆర్పి వెలిగించుట కంటె పోగు ఎక్కడ వంగినదో చూచుట మేలు. పెట్టె నుండి ఒక తీగ టెలివిజన్ బాక్సుకు, ఒకటి కంప్యూటరుకు పోవును, తక్కినవారికి వైఫై.

మార్పునకు అడ్డమేమి?

పరికరములు మెరుగుపడిన కొలది వానిపై ఇంటివారి అధికారము తగ్గుచు వచ్చినది. గాజుపోగు ప్రమాణములు అంతర్జాతీయముగా ప్రకటితమైనవి. అయినను కూడలి తన పుస్తకములో వ్రాసికొనిన సంఖ్య గల పెట్టెతోనే మాట్లాడును. ఒక సంస్థ పెట్టెను మరియొక సంస్థ పోగుకు తగిలించినచో వెలుగు అందును, మాట కుదరదు. డిష్షు కాలములో టెలివిజన్ ఒక్కటే పోయెడిది. ఇప్పుడు టెలివిజన్, ఫోను, ఇంటర్నెట్ ఒక్క పోగుపై ఉన్నందున మార్పు జరుగు దినములలో మూడును ఒకేసారి ఆగును. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి బడులు మూతపడినప్పుడు ఇది ఎంత గొప్ప నష్టమో తెలిసివచ్చినది. దూరదర్శన్ సప్తగిరి ద్వారా పదవ తరగతి పాఠములు ప్రసారమైనవి. కాలేజీల పాఠములు, ఇంటినుండి చేయు ఉద్యోగములు ఇంటర్నెట్టుపై నడచినవి. ఇంటిలో తీగ తెగిన దినము, ఆ ఇంటి విద్యార్థికి బడి లేని దినము.

ఇది మార్చరానిది కాదు. 2011 జనవరి 20 నుండి దేశమంతట సెల్‌ఫోను నంబరును మార్చకయే సంస్థను మార్చుకొను వీలు కలిగినది. అది వచ్చుటకు ముందు సాధ్యము కాదనినవారు లేకపోలేదు. కేబులు ప్రసారములు పట్టణములలో 2015 డిసెంబరు, పల్లెలలో 2017 మార్చి గడువులతో డిజిటల్ పద్ధతికి మారినవి. 2019 ఫిబ్రవరి 1 నుండి కోరిన ఛానలుకే వెల చెల్లించు పద్ధతి వచ్చినది. 2020 ఏప్రిలులో టెలికాం నియంత్రణ సంస్థ, సెట్ టాప్ బాక్సులు ఏ సంస్థకైనను పనికివచ్చునట్లు ఉండవలెనని సిఫారసు చేసినది. సిఫారసు చట్టము కాదు. కాని అడుగవలసిన ప్రశ్న ఏదో అది తేటపరచినది. 2022 నాటి భారతీయ ప్రమాణము ఒకటి, ఉపగ్రహ గ్రాహకమును టెలివిజన్‌లోనే అమర్చుటకు దారి చూపినది. దానితో ఉచిత ఛానళ్ళకు వేరే పెట్టె అక్కరలేదు.

ఈ చరిత్ర తెలిసిన గృహస్థు సంస్థను మార్చునప్పుడు మూడు సంగతులు ముందే విచారించుకొనవచ్చును. పెట్టె అద్దెదా, సొంతమా? అద్దెదైనచో దానిని తిరిగి ఇచ్చి రసీదు పుచ్చుకొనవలెను. లేనిచో డిపాజిట్టు అక్కడనే నిలిచిపోవును. క్రొత్త పోగు వచ్చి, వెలుగు కొలిచి, టెలివిజన్, ఫోను, ఇంటర్నెట్ మూడును పనిచేసిన పిమ్మటనే పాతదానిని రద్దుచేయుట మేలు. కొన్ని దినముల చందా రెండు చోట్ల కట్టినను నష్టము తక్కువ. పాత ఫోను నంబరును బ్యాంకులోను, బడిలోను, ఆసుపత్రిలోను వ్రాయించి ఉన్నచో, దానిని వదలుకొనక ముందే అచ్చట క్రొత్త నంబరు వ్రాయించవలెను. ఇండ్లలోని వారు ఇంత శ్రమపడుట ప్రకృతి నియమము వలన కాదు. తరంగమునకు గాని వెలుగునకు గాని యజమాని ఎవరో తెలియదు. తాళము మనుష్యులు వేసినది. దానికి అందరి చేతిలో ఇమిడెడి తాళపుచెవి చేయుటయును మనుష్యుల వలననే కావలెను.